ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి వస్తే

"మా అబ్బాయి అమెరికాలో, అరిజోనాలో ఉంటున్నాడు. ఈ డిసెంబరులో మేమిద్దరం వెళ్తున్నాం. నాకు 68, ఆయనకు 72. ఆయనకు బి.పి., నాకు షుగరు. అక్కడి చలికి ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలి?" అని తెనాలి నుంచి ఒక సోదరి జాబు రాశారు. ఇలాంటి జాబులు ప్రతి ఏడూ దసరా వెళ్లగానే మొదలవుతాయి. స్వెట్టర్లు, మంకీ క్యాపులు, మందుల చీటీల సంగతి ఈ శీర్షికలో చాలాసార్లే రాశాను. ఈసారి జాబితా రాయను. 2023 జనవరిలో నేనూ మా ఆవిడా అదే అరిజోనాలో గడిపిన ఒక రోజు సంగతి చెబుతాను. అందులో వైద్యుడిగా నేను చేసిన పొరపాటు కూడా ఉంది. అది దాచుకుంటే ఈ జాబుకు జవాబు పూర్తి కాదు.

అరిజోనా అనగానే ఎడారి, ఎండ అనుకుంటాం. నిజమే. మా అబ్బాయి ఉండే ఫీనిక్సులో జనవరి మధ్యాహ్నం మన విజయవాడ జనవరి కంటే హాయిగా ఉంటుంది. అందుకే ఉత్తరాది రాష్ట్రాల నుంచీ, కెనడా నుంచీ ఉద్యోగ విరమణ చేసిన దంపతులు చలికాలం రాగానే ట్రైలర్లు తగిలించుకుని ఆ ఎడారి వైపు దిగుతారు. మన కొల్లేటికీ, నేలపట్టుకీ శీతాకాలంలో పక్షులు వచ్చినట్టే. అక్కడివాళ్లు కూడా వాళ్లను మంచుపిట్టలనే పిలుస్తారు. కాలిఫోర్నియా సరిహద్దు దగ్గర క్వార్ట్‌సైట్ అని చిన్న ఊరుంది. ఎండాకాలంలో పురుగు కనబడదు. జనవరిలో చూస్తే కనుచూపు మేర ట్రైలర్లే. జాతర!

ట్రైలరంటే మన లారీ వెనకాల కట్టే తొట్టి కాదండోయ్. చక్రాల మీద ఇల్లు. ముందు ఒక బలమైన బండి దాన్ని లాక్కుపోతుంది. మా అబ్బాయి పక్కింటివాళ్లది 22 అడుగుల పొడవుంది. ఒక చివర మంచం, మరో చివర బల్ల, మధ్యలో గ్యాసు పొయ్యి, దాని కింద ఓవెన్, పక్కన ఫ్రిజ్, తలుపు వేసుకుంటే స్నానాలగది. నెత్తిన గాలి పోవడానికి ఒక చిన్న కిటికీ. ముందు భాగంలో రెండు ప్రొపేన్ గ్యాసు సిలిండర్లు. వెచ్చదనానికి గ్యాసు మీద పనిచేసే కొలిమి లాంటిది ఒకటి ఉంటుంది. దాని పొగ గొట్టం గుండా బయటికి పోతుంది, వేడిగాలిని మాత్రం ఒక ఫ్యాను లోపలికి తోస్తుంది. ఆ ఫ్యానుకు బ్యాటరీ కావాలి. ఈ బ్యాటరీ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ పక్కింటాయన మోటారు మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు. 74 ఏళ్లు. గుండెకు స్టెంటు ఉంది. ఆవిడ బడిలో లైబ్రేరియనుగా పనిచేశారు. 71. ఇద్దరూ 1973 జనవరిలో పెళ్లి చేసుకుని, డబ్బుల్లేక, గ్రాండ్ కాన్యన్ అంచున గుడారం వేసుకుని మూడు రోజులు గడిపారట. "యాభయ్యో పెళ్లిరోజుకి మళ్లీ అక్కడికే పోతున్నాం, మీరూ రండి. ఈసారి గుడారం కాదు, వేడిగా ఉండే ఇల్లు" అన్నారు ఆయన. కొడుకూ కోడలూ ఆఫీసులకు పోతే నాలుగు గోడల మధ్య టీవీ చూస్తూ కూర్చునే మాకు ఇంతకంటే ఏం కావాలి? మా వాడు మాకు అక్కడి లాడ్జిలో గది తీసుకున్నాడు. ట్రైలరు ఆ దంపతులకి, లాడ్జి మాకు, తిండి మాత్రం అందరికీ ట్రైలరులో అని ఒప్పందం.

ఫీనిక్సు నుంచి గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు దాదాపు 370 కిలోమీటర్లు. దారంతా ఎక్కుడే. ఫీనిక్సు సముద్రమట్టానికి సుమారు 1,100 అడుగుల ఎత్తున ఉంటే, కాన్యన్ అంచు 7,000 అడుగుల ఎత్తున ఉంది. అంటే ఇంచుమించు మన ఊటీ ఎత్తు. పొద్దున చొక్కాతో బయల్దేరాం. మొదట మనిషిని మించిన ఎత్తున చేతులు చాచుకుని నిలబడ్డ జెముడు చెట్లు, తర్వాత పొదలు, ఫ్లాగ్‌స్టాఫ్ ఊరు చేరేసరికి పైన్ చెట్లు, వాటి మీద మంచు. ఆ ఏడాది జనవరిలో ఉత్తర అరిజోనాలో మంచు బాగా కురిసింది. ఒక్క పూటలో మనం ఋతువు మారిపోయామన్నమాట.

ఇక్కడ ఒక్క మాట. ఇన్సులిన్ వాడేవాళ్లు చలిదేశంలో దాన్ని రాత్రిపూట బండిలో వదిలేస్తారు, చల్లగా ఉంటే మంచిదేగదా అని. చల్లగా ఉండటం వేరు, గడ్డకట్టడం వేరు. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు, పారేయవలసిందే. మా ఆవిడ తన పెన్నును స్వెట్టరు లోపలి జేబులో పెట్టుకుని తిరిగింది. షుగరు చూసే మిషనూ అంతే. చలికి బిగుసుకుపోయి తప్పు చూపిస్తుంది, లేకపోతే అసలు చూపించదు. గదిలోకి వచ్చాక కాసేపు ఆగి చూసుకోవాలి.

సాయంత్రం నాలుగింటికి అంచుకు చేరాం. ఆ లోయ గురించి ఎంత రాసినా చూడనివాళ్లకు అందదు. కొలరాడో నది లక్షల ఏళ్లుగా కోసుకుంటూ పోయిన గండి అది. పొడవు 446 కిలోమీటర్లు, లోతు మైలు పైచిలుకు, ఎక్కువ వెడల్పున్న చోట 29 కిలోమీటర్లు. మన గండికోట దగ్గర పెన్నా నది కోసిన గండిని చూసినవాళ్లు ఉంటారు. దాని అన్నయ్య అనుకోండి, కాదు ముత్తాత. ఎర్రటి రాతి మెట్లమీద తెల్లటి మంచు పరుచుకుని ఉంది. అడుగున నది దగ్గర మాత్రం మంచు లేదు. కిందికి దిగేకొద్దీ వెచ్చబడుతుంది. పైన మంచు కురుస్తుంటే అడుగున చినుకు పడే రోజులుంటాయి. ఇదంతా ఎగువనుంచి దిగువకు వెళ్లే దారిలో నడిచేవాళ్లకు ప్రమాదం కూడా. ఎందుకంటే దిగడం సులువు, ఎక్కడమే కష్టం.

నేల మీద మంచు మెత్తగా ఉంటే భయం లేదు. జనం తొక్కి తొక్కి గాజులా గట్టిపడిన మంచు ఉంటుందే, అదీ తుంటి ఎముకలు విరిచేది. బూట్లకు కింద తొడుక్కునే ఇనుప ముళ్ల పట్టీలు అక్కడి దుకాణంలో అమ్ముతారు. మా ఆవిడ ధర చూసి "ఇంత పెట్టి ముళ్లు కొంటారా?" అంది. కొన్నాం. మర్నాడు ఆ దుకాణం మెట్ల మీదే ఒక యువకుడు నడుం పట్టుకుని కూర్చుని ఉంటే చూసి ఇంకేమీ అనలేదు. అరవై దాటినవాళ్లు జేబులో చేతులు పెట్టుకుని నడవకండి. చేతులు బయట ఉండాలి, అడుగులు చిన్నవిగా, పాదం మొత్తం ఒకేసారి ఆనేలా వేయాలి.

రాత్రి లాడ్జి గదిలో దాహం వేయలేదని నేను నీళ్లు తాగలేదు. చలిలో దాహం తెలియదు, మూత్రం మాత్రం ఎక్కువసార్లు వస్తుంది, పొడిగాలి ఒంట్లో నీటిని లాగేస్తూనే ఉంటుంది. బి.పి.కి నీరు తీసే మాత్రలు వేసుకునేవారు ఇది మరీ గుర్తుంచుకోవాలి. పొద్దున లేచేసరికి నోరు పిడచకట్టుకుపోయింది. బయట సున్నాకు దిగువన 13 డిగ్రీలు. ఏడింటికి అంచుకు పోయి చూస్తే లోయ లేదు! పొగమంచు నిండుగా, పాలు పొంగి అంచు దాకా వచ్చి ఆగినట్టు ఉంది. మా ఆవిడ చేతులు జోడించింది. నేను ఫొటోలు తీయబోతే ఫోను చలికి చచ్చిపోయింది.

ఎనిమిదిన్నరకు ట్రైలరు దగ్గరకు చేరాం. అది పైన్ చెట్ల మధ్య విడిది. అక్కడ కరెంటు కనెక్షన్లు లేవు. ఎవరి బ్యాటరీ వాళ్లదే, ఎవరి నీళ్లు వాళ్లవే. గొట్టాలు గడ్డకట్టి పగిలిపోతాయని ఆయన నీటి గొట్టాలన్నీ ముందే ఖాళీచేసి, వంటకు డబ్బాల్లో నీళ్లు తెచ్చుకున్నారు. అంత జాగ్రత్తపరుడు.

తలుపు తీయగానే వెచ్చటి గాలి ముఖానికి తగిలింది. అబ్బ, ప్రాణం లేచొచ్చింది! కిటికీ అద్దాలన్నీ చెమర్చి నీళ్లు కారుతున్నాయి. పొయ్యి మీద కాఫీ గిన్నె. ఓవెన్ తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల మంట వెలుగుతోంది. "రాత్రి మూడింటికి బ్యాటరీ దిగిపోయింది. కొలిమి ఆగిపోయింది. నాలుగింటికి లేచి ఓవెన్ వెలిగించాను. చూశారా ఎంత వెచ్చగా ఉందో" అన్నారాయన గర్వంగా. వేడి పోకుండా నెత్తిమీది కిటికీ కూడా బిగించేశారు. తలుపు సందుల్లో తువ్వాళ్లు కుక్కారు.

ఇక్కడే మీరు నన్ను ఆపవలసింది. కానీ అక్కడ మీరు లేరుగదా.

ఆవిడ మంచం మీద కూర్చుని నుదురు నొక్కుకుంటున్నారు. "రాత్రి నుంచీ తలనొప్పి. కడుపులో తిప్పుతోంది" అన్నారు. ఆయన కూడా "నాకూ కాస్త దిమ్ముగానే ఉంది" అన్నారు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, చలికి అనుకున్నాను. నేను వెంటనే వైద్యుడినైపోయాను. "ఇది ఎత్తు తలనొప్పి. ఏడువేల అడుగులు గదా, ఒక్కరోజులో ఎక్కాం. పైగా నీళ్లు తాగి ఉండరు" అని ఇద్దరికీ చెరో పారాసిటమాల్ ఇచ్చి, పెద్ద గ్లాసుతో నీళ్లు తాగించాను. అంతటితో ఊరుకున్నానా? కోవిడ్ రోజుల నుంచీ నా సంచిలో వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉంటోంది. తీసి ఇద్దరి వేళ్లకూ పెట్టాను. ఒకరికి 95, ఒకరికి 94. "ఈ ఎత్తులో ఇది బంగారం లాంటి అంకె" అన్నాను. అందరం స్థిమితపడ్డాం. కాఫీ తాగుతూ 1973 నాటి గుడారం కబుర్లు విన్నాం. ఆవిడ మధ్యమధ్యలో కళ్లు మూసుకుంటున్నారు. ఆయన ఒకే మాట రెండుసార్లు చెప్పారు. వయసు అనుకున్నాను. అరగంట గడిచేసరికి నా కణతలూ నొక్కుతున్నాయి.

మా ఆవిడ కాఫీ ఇంకొంచెం పోద్దామని లేచింది. గిన్నె ఎత్తింది. దించలేదు. దాని అడుగు నావైపు తిప్పింది.

"ఏమండీ, ఈ మసి చూశారా? నిన్న సాయంత్రం ఈ గిన్నె నేనే తోమాను. అద్దంలా ఉంది. ఆ ఓవెన్‌లో మంట కూడా పసుప్పచ్చగా ఊగుతోంది. మన పంపు స్టవ్వుకి పిన్ను కొట్టకపోతే ఇలాగే మండేది గదా? అప్పుడు కళ్లు మండేవి, ఇప్పుడు మీకు తల నొప్పిగా లేదూ?"

ఆ మాటతో నా వెన్ను జలదరించింది. మూల చూశాను. నిన్న మమ్మల్ని చూసి గంతులేసిన వాళ్ల ముసలి కుక్క, మేము వచ్చి ముప్పావుగంటైనా తల ఎత్తలేదు. ఇద్దరు మనుషులు, ఒక కుక్క, ఇప్పుడు నేను. ఎత్తు తలనొప్పి ఇంటిల్లిపాదికీ, కుక్కతో సహా ఒకేసారి వస్తుందా? పైగా అది సాధారణంగా ఎనిమిదివేల అడుగులు దాటాకగానీ పీడించదు. ఇది నేను వైద్యవిద్యార్థిగా ఉన్నప్పుడే చదివాను. వెచ్చటి గదీ, వేడి కాఫీ చదివింది మరిపించాయి.

మంటలన్నీ ఆర్పేశాం. తలుపు తీసి, దుప్పట్లు కప్పి, నలుగురం, కుక్కా బయటికొచ్చాం. ఆవిడ మంచులో రెండడుగులు వేసి కూలబడబోతే మా ఆవిడ పట్టుకుంది. పక్క ట్రైలరులోని దంపతులు పరుగున వచ్చి తమ దాంట్లోకి తీసుకుపోయారు. వాళ్లే 911కు ఫోను చేశారు. పార్కు రేంజర్లు వచ్చి ముఖాలకు ఆక్సిజన్ మాస్కులు తగిలించారు. వాళ్ల దగ్గరా వేలికి పెట్టే పరికరం ఉంది, కానీ అది వేరే రకం. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందో చూపుతుంది. ఆవిడకు 19 శాతం, ఆయనకు 16. మా ఇద్దరికీ 5, 6. పొగతాగనివారికి మామూలుగా రెండు మూడు శాతం దాటకూడదు.

ఇప్పుడు ఈ వాయువు సంగతి చెబుతాను. మన పాఠ్యపుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువని చదువుకున్నామే, అది కాదు ఇది. అది కార్బన్ డయాక్సైడ్. ఏదైనా మండేటప్పుడు, బొగ్గు గానీ, కట్టె గానీ, గ్యాసు గానీ, పెట్రోలు గానీ, చాలినంత గాలి దొరక్కపోతే పూర్తిగా కాలకుండా సగంలో ఆగిపోయి ఈ కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. మూసిన గదిలో మంట పెడితే ఉన్న ఆక్సిజన్ అదే తినేస్తుంది, ఆ తర్వాత మరీ అధ్వాన్నంగా మండుతుంది. కొండమీద గాలి ముందే పల్చన. నీలం మంట పసుపుకు తిరుగుతుంది, గిన్నెకు మసి పడుతుంది. ఈ వాయువుకు రంగు లేదు, రుచి లేదు, వాసన అసలే లేదు. "మా సిలిండరు లీకైతే వాసన వస్తుందండీ" అంటారు చాలామంది. అది గ్యాసు కంపెనీవాళ్లు కావాలని కలిపిన వాసన. కాలని గ్యాసుకే అది ఉంటుంది. కాలిన గ్యాసు నుంచి పుట్టే దీనికి ఉండదు.

మన రక్తంలో హిమోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థం ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్ను ఎక్కించుకుని ఒళ్లంతా తిరిగి పంచిపెడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ వచ్చిందంటే, ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దానికి అతుక్కుంటుంది. బస్సులో సీట్లన్నీ టికెట్టులేనివాళ్లు ఆక్రమించి లేవనట్టు. బస్సు తిరుగుతూనే ఉంటుంది, దిగవలసినవాడు ఎక్కనే లేదు. మెదడు, గుండె ఆక్సిజన్‌కు అలమటిస్తాయి. మొదట తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, తల తిరగడం, మగత. తర్వాత మాట తడబాటు, కాళ్లలో సత్తువ పోవడం. ఆ తర్వాత స్పృహ పోతుంది. నిద్రలో ఉన్నవాళ్లకు ఈ మెట్లేవీ తెలియవు. గుండెజబ్బు ఉన్నవాళ్లకు తక్కువ మోతాదుకే ఛాతీనొప్పి రావచ్చు. గర్భిణులకూ, పసిపిల్లలకూ ఇది మరీ ప్రమాదం.

మరి నా ఆక్సీమీటరు 95 ఎందుకు చూపించింది? అదే దాని మాయ. మామూలు ఆక్సీమీటరు వేలిలోకి వెలుతురు పంపి రక్తం ఎంత ఎర్రగా ఉందో చూసి లెక్కగడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న రక్తం కూడా ఎర్రగానే ఉంటుంది. టికెట్టు లేనివాడినీ ప్రయాణికుడనే లెక్కేసుకుంటుంది పాపం. కోవిడ్ తర్వాత మన ఇళ్లలో చాలాచోట్ల ఈ పరికరం ఉంది. దమ్ముకి, న్యుమోనియాకి అది మంచి నేస్తం. మూసిన గదిలో మంట దగ్గర తలనొప్పి వచ్చినవారికి మాత్రం దాన్ని పెట్టి "బాగానే ఉంది" అనకండి. నేను అన్నాను.

ఆ దంపతులను అంబులెన్సులో ఫ్లాగ్‌స్టాఫ్ ఆసుపత్రికి తీసుకుపోయారు. సుమారు 130 కిలోమీటర్లు, మంచు దారి. పక్క ట్రైలరాయన మమ్మల్నీ కుక్కనీ తన కారులో ఎక్కించుకుని వెనకాలే వచ్చారు. మాకు ఆయన పేరు కూడా అప్పటికి తెలియదు. దీనికి వైద్యం ఆక్సిజనే. మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలోని ఈ వాయువు సగానికి తగ్గడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. మాస్కు బిగించి నూరుశాతం ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో సగమవుతుంది. అందుకే "బయటికొచ్చాం, తలనొప్పి తగ్గింది, ఇక ఆసుపత్రెందుకు" అనకూడదు. స్పృహ తప్పినవాళ్లలో, పెద్దవాళ్లలో కొందరికి రోజులూ వారాలూ గడిచాక మతిమరుపు, తడబాటు మొదలుకావడం కూడా ఉంది. ఆయనకు ఇ.సి.జి. తీశారు, రక్తపరీక్షలు చేశారు. గుండె దెబ్బతినలేదు. ఆవిడను రాత్రంతా ఉంచుకున్నారు.

యాభయ్యో పెళ్లిరోజు ఆ విధంగా గడిచింది. పక్కపక్క మంచాల మీద, ఇద్దరి ముఖాలకూ మాస్కులు. మాటలు వినబడవు. మేము చూస్తుండగా ఆయన చెయ్యి చాచి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ మాస్కు తీసి ఏదో అని మళ్లీ పెట్టుకున్నారు. నర్సు పకపకా నవ్వింది. ఆవిడేమన్నారో మా ఆవిడకు అర్థంకాలేదు. నేను తర్వాత చెప్పాను: "గుడారమే నయం."

నిజమే, ఆ పాత గుడారానికి సందులుండేవి.

సాయంత్రం ఆయన తేరుకున్నాక ఇంకో సంగతి బయటపెట్టారు. ఆ ట్రైలరులో కార్బన్ మోనాక్సైడ్ పసిగట్టి మోగే గంట ఉందట. నెల నుంచీ అది కుయ్ కుయ్ మంటుంటే చిరాకేసి బ్యాటరీ పీకేశారట. అది గోల కాదు, "నా ఆయుష్షు తీరింది, నన్ను మార్చు" అని చెప్పుకోవడం. ఆ పరికరాలు ఐదు నుంచి పదేళ్లే పనిచేస్తాయి, వెనకాల తేదీ ఉంటుంది. మోటార్లకు జీవితమంతా మరమ్మతులు చేసిన మనిషి! మనిషి నిద్రకు అడ్డొచ్చిన దాన్ని నోరుమూయించడం ఎక్కడైనా ఒకటే.

తెనాలి సోదరికి, ఇంకా ఆవిడలాంటి వారికి: మీరు ట్రైలరులో ఉండకపోవచ్చు. అబ్బాయి ఇంట్లో గది వెచ్చగా లేకపోతే ఇంకో దుప్పటి అడగండి, వంటపొయ్యి వెలిగించి గది వేడిచేసుకోవద్దు. గ్యారేజీలో కారు స్టార్టు చేసి వేడెక్కేదాకా కూర్చోవద్దు. మంచులో కారు ఆగిపోతే వెనక పొగగొట్టం మంచుతో మూసుకుపోయిందేమో చూడకుండా ఇంజను ఆన్‌లో ఉంచవద్దు. అబ్బాయి ఇంట్లో ఆ గంట ఉందా, ఎప్పటిది అని అడగండి. "అమ్మా, నీకెందుకివన్నీ" అంటాడు. అడగండి.

మనకు అంత చలి లేదుగదా అనుకోకండి. లంబసింగిలో మంచు చూడటానికి పోయి, గుడారంలోకి బొగ్గుల కుంపటి తెచ్చుకుని జిప్పు బిగించుకునేవాళ్లను నేను చూశాను. ఎర్రగా కణకణలాడే బొగ్గుకు పొగ ఉండదు కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. పొగలేని ఆ బొగ్గే ఎక్కువ ప్రమాదం. బాలింత గదిలో కిటికీలు మూసి నిప్పులు పెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. పెద్దలు ప్రేమతోనే చేస్తారు, కాదనను. పసిగుడ్డు ఏడవడం మానేసి మత్తుగా పడుకుంటే "వెచ్చగా నిద్రపోతున్నాడు" అనుకుంటారు. తల్లికీ బిడ్డకూ దుప్పట్లు కప్పండి, నిప్పులు గది బయట ఉంచండి. కరెంటు పోయినప్పుడు జనరేటరును మెట్లకిందో, దుకాణం లోపలో పెట్టి షట్టరు దించుకోవడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం స్నానాలగది గ్యాసు గీజరు. చిన్నగది, తలుపు బిగించి ఉంటుంది, వేడినీళ్ల ఆవిరి, పావుగంట స్నానం. శీతాకాలంలో ఈ వార్తలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. గీజరూ సిలిండరూ స్నానాలగది బయట, గాలి ఆడేచోట ఉండాలి. నీళ్లు బకెట్లో పట్టుకుని, గీజరు ఆపి, తర్వాత స్నానం చేయాలి. లోపలికి పోయినవారు పిలిస్తే పలక్కపోతే తలుపు పగలగొట్టి, ఊపిరి బిగబట్టి, ముందు మనిషిని బయటికి లాగండి. తర్వాతే మిగతా ప్రశ్నలు. వెంటనే 108కు ఫోను చేయండి. వచ్చినవాళ్లకు "గ్యాసు గీజరు నడుస్తోంది" అన్న మాట తప్పక చెప్పండి. లేకపోతే వాళ్లు కూడా ఫిట్సో, పక్షవాతమో అనుకోవచ్చు, నేను ఎత్తు తలనొప్పి అనుకున్నట్టే.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడను ఇంటికి పంపారు. ఆవిడ ఇంటికి కాదు, కాన్యన్‌కే పోదామన్నారు. ఎండ కాసింది. లోయ అడుగుదాకా కనబడింది. పది నిమిషాలు నిలబడ్డారు ఇద్దరూ, అంతే. ఆ తర్వాత ఆయన కొత్త గంట కొని గోడకు బిగించేదాకా ఆవిడ ట్రైలరు మెట్టు ఎక్కలేదు.

మార్చిలో మేము ఇల్లు చేరాం. ప్రయాణపు బడలికతో పన్నెండు గంటలు పడుకుని లేచి, స్నానానికి నీళ్లు పెడదామని గీజరు వెలిగించబోతే, మా ఆవిడ వెనకనుంచి వచ్చి చూరు వైపు చూపించింది. మా స్నానాలగది గీజరు లోపలే ఉంది. దాని పైన వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టి నాలుగువైపులా టేపు అంటించి ఉంది. దోమలొస్తున్నాయని రెండేళ్ల క్రితం అంటించింది నేనే. స్టూలు వేసుకుని అది పీకేశాను. ఆ వారమే ప్లంబరును పిలిచి గీజరును వెనక వసారాలోకి మార్పించాం. వెంటిలేటరుకు ఇనుప జాలీ కొట్టించాం. దోమలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.